అమ్మే ఆవకాయకు బూజు పడుతుంటే

రిటైరయ్యాక ఇంట్లో ఆవకాయ పట్టి అపార్ట్‌మెంట్‌లో అమ్ముతున్నామని, మూడు వారాలకే సీసాల్లో పైన బూజు కడుతోందని రాశారు కదండీ. ఎక్కువగా తప్పు తడిదే. కాయలు కడిగి, తుడిచి, బాగా ఆరాకే కొట్టించండి. ముక్కలకు ఇక నీళ్లు తగలకూడదు. జీడి, లోపలి పొర తీసేసి పొడిగుడ్డతో తుడవండి. కిలో ముక్కలకు కారం, ఆవపిండి, ఉప్పు 200 గ్రాముల చొప్పున, నూనె అరకిలో. ఖర్చు మిగులుతుందని ఉప్పు, నూనె తగ్గిస్తే మొదటికే మోసం. మూడో రోజు తిరగకలిపి, ఉప్పు చూశాకే సీసాల్లోకి ఎత్తండి. ముక్కలు మునిగి పైన అర అంగుళం నూనె తేలాలి. తేలకపోతే కాచి పూర్తిగా చల్లార్చిన నువ్వుల నూనె పొయ్యండి. బూజు పట్టినవి పైపైన తీసేసి అమ్మొద్దు, పారెయ్యండి. ధరలో మీ కూలీ కూడా వేసుకోండి, చాలామంది అదే మర్చిపోతారు. ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ దగ్గర రిజిస్ట్రేషన్ కూడా చేయించి, ఆ నంబరు లేబుల్ మీద వెయ్యండి.