అత్తగారు శనివారం మాత్రమే వస్తానంటున్నారు

ప్రశ్న: రష్యాలోని కజాన్‌లో వైద్యం చదివి, అక్కడి అబ్బాయినే పెళ్లి చేసుకున్నాను. బాబుకు రెండేళ్లు. నేను ఉద్యోగంలో చేరాలి. అత్తగారికి 57 ఏళ్లు, అకౌంటెంటు. ఉద్యోగం మాని బాబును చూసుకోమంటే ఒప్పుకోలేదు. శనివారం వచ్చి, సిర్నికీలు (పనీర్ లాంటి జున్నుతో చేసే అట్లు) వేయించి పెట్టి, బాబుకు టోపీ సరిగా పెట్టలేదని నన్ను కోప్పడి, వాణ్ని పార్కుకు తీసుకెళతారు. అంతే! బాబు తనను బాబుష్కా (నానమ్మ) అనకుండా పేరుతో పిలవాలట. సినిమాల్లో చూసిన రష్యన్ నానమ్మలు ఇలా లేరు. మనవడంటే ప్రేమ లేదా?

జవాబు: ప్రేమ ఉందమ్మా. బాబుకు చలి తగులుతుందేమోనన్న ఆ టోపీ గొడవే అందుకు సాక్ష్యం.

సినిమాల్లోని నానమ్మ పిలిస్తే వచ్చి ఇంట్లో ఉండిపోయేది. సోవియట్ కాలం నుంచీ అక్కడి ఆడవాళ్లకు 55 ఏళ్లకే పింఛను వచ్చేది కాబట్టి అది సాధ్యమైంది. 2018లో చేసిన చట్టం ఆ వయసును దశలవారీగా 60కి పెంచింది. మీ అత్తగారికి ఇంకా పింఛను రాదు. మానెయ్యమనే ముందు, ఆవిడ చేతిఖర్చు ఎలా గడుస్తుందో మీ ఇద్దరిలో ఎవరైనా అడిగారా?

2012లో బాకూలో జరిగిన యూరోవిజన్ అనే యూరప్ దేశాల పాటల పోటీలో, రష్యాలోని ఉద్మూర్తియా ప్రాంతపు బురనోవో గ్రామం నుంచి వెళ్లిన వృద్ధ మహిళలు పాడి రెండో స్థానం గెలిచారు. వాళ్ల తలగుడ్డలూ, వేదిక మీద పెట్టిన పొయ్యీ లోకానికి గుర్తుండిపోయాయి. ఆ పాటల సంపాదనతో ఊళ్లో చర్చి కట్టించాలని వాళ్లు పెట్టుకున్న పట్టుదలను ఎంతమంది పట్టించుకున్నారు? ముసలితనంలోనూ సొంత కోరిక ఉన్న మనుషులు వాళ్లు.

ఇంకోవైపు, రష్యన్ రచయిత పావెల్ సనాయెవ్ తన బాల్యం ఆధారంగా రాసిన నవలిక ఉంది. 2009లో సినిమాగానూ వచ్చింది. అందులో అమ్మమ్మ రోగిష్టి మనవణ్ని కన్నతల్లికి ఇవ్వదు. మందు తాగిస్తూనే శాపనార్థాలు పెడుతుంది. మనవడు తప్ప మరో ఆసరా లేని మనిషి ప్రేమ అలా ఊపిరాడనివ్వదు. మీ అత్తగారికి ఉద్యోగం ఉంది, తనదంటూ ఒక జీవితం ఉంది. మీ బాబుకు అది మేలే. (మన అమ్మలను కాన్పులకూ పిల్లల పెంపకానికీ అమెరికా రప్పించుకునే పిల్లలకూ ఈ మాట చెప్పాలని ఉంది.)

మునిసిపల్ కిండర్‌గార్టెన్‌లో చోటుకు ఈ వారమే దరఖాస్తు పెట్టండి. చోటు దొరికేదాకా ఆయాకయ్యే ఖర్చు మీరూ మీ భర్తా పంచుకోండి. అత్తగారిని ఆవిడ కోరినట్టే బాబు చేత పేరుతో పిలిపించండి. బాబుకు జ్వరం వచ్చిన రోజు సెలవు పెట్టగలరా అని మాత్రం అడగండి, అదీ మీ భర్త ద్వారా కాదు, మీరే. శనివారం ఆవిడ రాగానే ఇల్లు అప్పగించి మీరిద్దరూ బయటికి వెళ్లండి. టోపీ ఆవిడ ఇష్టప్రకారమే పెట్టనివ్వండి.