వాల్వ్ కేసులకు వెళ్తున్న బుజ్జికి

బుజ్జీ,

నిన్ను గుండె ఆపరేషన్ల (కార్డియాక్) థియేటర్‌లో వేశారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సంతోషంతో వీధిలో అందరికీ చెప్పుకున్నాను, రాత్రయ్యేసరికి మాత్రం నిద్ర పట్టలేదు. గుండె వాల్వ్ మార్చే కేసులంటే నాకు ఇప్పటికీ గుండెల్లో రాయి పడ్డట్టే ఉంటుంది.

నీకు తెలిసినవి గబగబా చెప్పేస్తాను. రేజర్ ముట్టుకోకు, వెంట్రుకలు తీయాల్సి వస్తే క్లిప్పరే. ముక్కులో స్టాఫ్ ఆరియస్ అనే క్రిమి ఉందని తేలిన పేషెంటు మ్యుపిరోసిన్ ఆయింట్మెంట్ కోర్సు పూర్తి చేశాడో లేదో అడుగు. సెఫజోలిన్ యాంటీబయోటిక్ కోతకు ముందు 60 నిమిషాల లోపు పడాలి, కేసు సాగితే మొదటి డోసు పడిన 4 గంటలకు మళ్లీ వెయ్యమని గుర్తు చెయ్యి, మత్తు డాక్టరు విసుక్కున్నా సరే.

ఇక నేను చేసిన నిర్వాకం విను. ఆ రోజు అది రెండో వాల్వ్, అప్పటికే ఆలస్యం. పేషెంటు ఛాతీకి క్రిములు చంపే మందు పూశాను, తడి ఇంకా లైటు కింద మెరుస్తూనే ఉంది. సర్జన్ గ్లవ్స్ వేసుకుని నా వైపే చూస్తూ, "సిస్టర్, ఇవాళ మొదలవుతుందా?" అన్నారు. నేను స్టెరైల్ టవల్‌తో ఆ తడి అద్దేసి ఆపరేషన్ గుడ్డ (డ్రేప్) పరిచేశాను. ఆ మందు, అంటే స్పిరిట్ కలిసిన క్లోర్‌హెక్సిడిన్ వెంట్రుకలు లేని చోట కూడా కనీసం 3 నిమిషాలు దానంతట అదే ఆరాలి, తడి మీద కాటరీ (కరెంటుతో కాల్చే పరికరం) పెడితే మంట అంటుకుంటుంది, ఇవన్నీ నేనే జూనియర్లకు నేర్పేదాన్ని!

ఎనిమిది నెలలకు ఆయన మళ్లీ వచ్చారు. సన్న జ్వరం, చిక్కిపోయిన మనిషి. బ్లడ్ కల్చర్ (రక్తంలో క్రిములు పెరుగుతాయేమో చూసే పరీక్ష) 5 రోజులు చూసి ఏమీ లేదన్నారు. మళ్లీ తీసి ఎక్కువ రోజులు ఉంచితే 9వ రోజున ఒకే ఒక్క బాటిల్లో మొటిమల క్రిమి పెరిగింది (అప్పట్లో ప్రొపియోనిబ్యాక్టీరియం అనేవాళ్లం, ఇప్పుడు క్యూటిబ్యాక్టీరియం అంటున్నారు). సూది గుచ్చేటప్పుడు చర్మం మీదిది కలిసి ఉంటుందిలే అని దాన్నీ వదిలేశారు. మూడోసారీ అదే వస్తే అప్పుడు ఎకో (గుండె స్కాన్) చేశారు, వాల్వ్ కుట్ల పక్కనే చీముగడ్డ. మళ్లీ ఛాతీ తెరవాల్సొచ్చింది. బతికారులే. వార్డులో నన్ను గుర్తుపట్టి దణ్ణం పెట్టారు తల్లీ, నేను సెలైన్ బాటిల్ చూస్తున్నట్టు అటు తిరిగి నిలబడ్డాను.

నా టవల్ వల్లే అని ఎవరూ తేల్చలేరు. ఆ క్రిమి వెంట్రుకల కుదుళ్లలో, నూనె గ్రంథుల్లో లోతుగా దాక్కుంటుంది, ఎంత బాగా పూసినా కొంత మిగులుతుంది. చర్మం మీద సాధువులా పడుండే స్టాఫ్ ఎపిడెర్మిడిస్ అనే క్రిమి కూడా కృత్రిమ వాల్వ్ దొరికితే జిగురు పొర కట్టుకుని కూర్చుంటుంది, ఇక మందులకు ఒక పట్టాన లొంగదు. అందుకే వాల్వ్ అందించే ముందు గ్లవ్స్ మార్చుకో, దాన్ని పేషెంటు చర్మానికి తగలనివ్వకు. తొడ రక్తనాళం గుండా వేసే వాల్వులకు ఛాతీ కొయ్యరు కదా అని తేలిగ్గా తీసుకోకు, గజ్జల్లో ఎంటరోకాకస్ అనే పేగుల క్రిమి కాచుకుని ఉంటుంది.

నువ్వు మెతకదానివి, అదే నా భయం. ఎవరైనా తొందరపెడితే వాళ్ల మొహం చూడకు, గోడ గడియారం చూడు. "ఇంకా ఆరలేదు సార్" అను. ఆ ఒక్క మాటే నాకు నోరు పెగల్లేదు.

స్క్రబ్ చేసీ చేసీ చేతులు పగులుతాయి, పగిలిన చేతుల్లో క్రిములెక్కువ, రోజూ క్రీమ్ రాసుకో. మొదటి కేసు అయ్యాక ఫోన్ చెయ్యి, అర్ధరాత్రయినా మెలకువగానే ఉంటాను.

మీ పెద్దమ్మ