ఒకే మెయిల్ రెండుసార్లు ఎందుకు వెళ్లింది?

ప్రశ్న: బీటెక్ సీఎస్‌ఈ ఫైనలియర్ చదువుతున్నాను. మా ప్రాజెక్టు సర్టిఫికెట్లను పీడీఎఫ్‌గా తయారుచేసి మెయిల్ చేస్తుంది. ఒక సర్వర్ మీద బాగానే నడిచింది. మూడు సర్వర్ల మీద పెట్టగానే కొందరికి రెండేసి మెయిళ్లు వెళ్లాయి. సీనియర్లు కాఫ్కా (సిస్టమ్‌ల మధ్య మెసేజ్‌లు చేరవేసే సాఫ్ట్‌వేర్) నేర్చుకోమంటున్నారు. బ్యాకెండ్ ఉద్యోగానికి అదేనా దారి?
- ఒక విద్యార్థి, కాకినాడ

జవాబు: కాఫ్కాకి తొందర లేదు. మీ సమస్యకి అది మందు కూడా కాదు. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే, మూడు సర్వర్లూ ఒకే టేబుల్లో పెండింగ్ పనులు చూసి, ఒకే పనిని రెండు సర్వర్లు పట్టుకుని ఉంటాయి. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వాడుతుంటే, 2016లో వచ్చిన 9.5 వెర్షన్ నుంచి అందులో ‘స్కిప్ లాక్డ్’ ఉంది. ఒక సర్వర్ లాక్ చేసిన వరసను (టేబుల్లో ఒక పని ఉన్న రో) రెండోది వదిలేసి, తర్వాతి పని తీసుకుంటుంది. కాలేజీ ప్రాజెక్టుకి అది ధారాళంగా సరిపోతుంది.

అసలు చదువు దీని తర్వాతే మొదలవుతుంది. మెయిల్ పంపేసిన సర్వర్, ‘అయిపోయింది’ అని రాసేలోపే ఆగిపోతే ఏమవుతుంది? పని మళ్లీ క్యూలోకి (పెండింగ్ పనుల జాబితాలోకి) వస్తుంది, మెయిల్ మళ్లీ వెళ్తుంది. పోనీ ముందే ‘అయిపోయింది’ అని రాసుకుంటే, అసలు మెయిలే వెళ్లకపోవచ్చు. పెద్ద కంపెనీల క్యూలకీ ఈ చిక్కు తప్పలేదు. అమెజాన్ క్యూ సేవ ఎస్‌క్యూఎస్‌లో ఒకరు తీసుకున్న మెసేజ్ మామూలుగా 30 సెకన్లు మిగతావాళ్లకి కనబడదు. ఆలోగా డిలీట్ చేయకపోతే మళ్లీ కనబడుతుంది. సెట్టింగ్ మార్చకుండా 40 సెకన్లు పట్టే పని పెట్టారనుకోండి, ఏ సర్వరూ ఆగకుండానే అది రెండుసార్లు జరగొచ్చు.

అందుకే ఒక పని రెండుసార్లు నడిచినా ఫలితం ఒకటే ఉండేలా రాయడం నేర్చుకోండి. దాన్నే ఐడెంపొటెన్సీ అంటారు. ప్రతి సర్టిఫికెట్‌కీ ఒక నంబరిచ్చి, ఆ నంబరు మీద యూనిక్ నిబంధన (ఒకే నంబరు టేబుల్లో రెండోసారి చేరకుండా ఆపేది) పెట్టడంతో మొదలుపెట్టండి. మెయిల్ రెండుసార్లు వెళ్తే చిరాకు, అంతే. ఫీజు రెండుసార్లు కట్ అయితే ఒక ఇంట్లో ఆ నెలంతా టెన్షన్. ఈ తేడా తెలిసి కోడ్ రాసేవాళ్లు కావాలి.

కొంచెం లెక్క కూడా చూడండి. కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ 1909లోనే కాల్స్ రాకపోకల మీద గణిత వ్యాసం రాశారు. (రాబిట్‌ఎంక్యూ అనే క్యూ సాఫ్ట్‌వేర్‌ని రాసిన భాషకి ఆయన పేరే.) క్యూల లెక్కల్లో అన్నిటికన్నా సులువైన నమూనా ప్రకారం, ఒక సర్వర్ 80 శాతం సమయం పనిలో ఉంటే, క్యూలో సగటు నిరీక్షణ ఒక పనికి పట్టే సగటు సమయానికి 4 రెట్లు. 90 శాతమైతే 9 రెట్లు, 95 శాతమైతే 19 రెట్లు. సర్వర్లు ఎప్పుడు పెంచాలన్న ప్రశ్నకి ఇక్కడి నుంచే జవాబు మొదలుపెట్టొచ్చు.

క్లౌడ్‌కి డబ్బు పెట్టకండి. ల్యాప్‌టాప్‌లోనే డాకర్‌తో (ప్రోగ్రాములను విడివిడిగా నడిపే టూల్) మూడు వర్కర్లు, అంటే క్యూలోంచి పనులు తీసుకుని చేసే ప్రోగ్రాములు, నడపండి. వెయ్యి పనులిచ్చి, మధ్యలో ఒకదాన్ని కిల్ చేయండి. ఎన్ని పోయాయి, ఎన్ని రెండుసార్లు జరిగాయి లెక్కపెట్టండి. ఫెయిలైన పనిని వెంటనే కాకుండా వ్యవధి పెంచుకుంటూ మళ్లీ ప్రయత్నించేలా, అయిదుసార్లు ఫెయిలైతే డెడ్ లెటర్ క్యూలోకి (ఫెయిలైన పనులను పక్కన పెట్టే క్యూ) వెళ్లేలా చేయండి. తర్వాత సెలరీ (పైథాన్‌లో ఇలాంటి క్యూ పనులు నడిపే టూల్), రాబిట్‌ఎంక్యూ నేర్చుకోండి. ఒకే సమాచారాన్ని చాలా సిస్టమ్‌లు విడివిడిగా చదవాల్సి వచ్చినప్పుడు కాఫ్కా.

కిల్ చేసినప్పుడు వచ్చిన అంకెలు, మీరు చేసిన మార్పు, ఆ తర్వాతి అంకెలు గిట్‌హబ్‌లో ఒక పేజీగా రాసి, రెజ్యూమెలో ప్రాజెక్టు పేరు పక్కనే ఆ లింకు పెట్టండి.