కన్ను తీయించాలా, ప్లేక్ పెట్టించాలా?

ప్రశ్న: మా నాన్నగారికి 54 ఏళ్లు. ఎడమ కన్ను లోపల కోరాయిడల్ మెలనోమా అనే క్యాన్సర్ గడ్డ ఉందట, మందం 5 మిల్లీమీటర్లు. డాక్టరు గారు కంటి మీద ప్లేక్, అంటే రేడియేషన్ ఇచ్చే చిన్న రేకు, కుడతామంటున్నారు. మా పెదనాన్నేమో కన్ను తీయించేయకపోతే ఒళ్లంతా పాకుతుందని పట్టుబట్టారు. ఇంట్లో చంటిపాప కూడా ఉంది. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీ పెదనాన్నగారి భయం ఒకప్పుడు డాక్టర్లకూ ఉండేది. అది తేల్చడానికే అమెరికా, కెనడాల్లో ఇలాంటి మధ్యస్థం సైజు గడ్డలున్న 1,300 మందికి పైగా తీసుకుని, సగం మందికి కన్ను తీసేసి, సగం మందికి అయోడిన్-125 అనే రేడియోధార్మిక పదార్థం ఉన్న ప్లేక్ పెట్టి ఏళ్ల తరబడి గమనించారు. 2001లో ఫలితాలు వచ్చాయి. బతికే అవకాశంలో తేడా ఏమీ లేదు. కన్ను తీయించినంత మాత్రాన అదనపు రక్షణ రాదన్నమాట. ఏది చేయించినా లివర్ స్కాన్లు మాత్రం క్రమం తప్పకుండా చేయించాలి, ఈ క్యాన్సర్ పాకితే ఎక్కువగా అక్కడికే వెళ్తుంది.

ప్లేక్ అంటే చొక్కా గుండీ అంత లోహపు రేకు. ఆపరేషన్‌లో కంటిలోకి లైటు వేస్తే గడ్డ నీడ తెల్లగుడ్డు మీద పడుతుంది, దాని చుట్టూ పెన్నుతో గీత గీసి, ముందు రేడియేషన్ లేని డమ్మీ ప్లేక్‌తో కుట్లు సరిచూసుకుని, ఆ తర్వాతే అసలుది కుడతారు. కొన్ని రోజులుంచి తీసేస్తారు. మన దేశంలో రుథేనియం-106 అనే మరో రేడియోధార్మిక పదార్థంతో ప్లేక్‌లను ముంబైలోని బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) తయారుచేస్తోంది, అదీ వాడేసిన అణు ఇంధనం వ్యర్థాల్లోంచి! ఐదారు మిల్లీమీటర్ల గడ్డ దాకా అది సరిపోతుంది, అంతకు మించితే అయోడిన్.

పాప గురించి టెన్షన్ వద్దు. ప్లేక్ కంటి మీద ఉన్నన్నాళ్లూ పిల్లలనూ గర్భిణులనూ నాన్నగారి దగ్గరికి పంపకండి, తీసేశాక ఆయన ఒంట్లో రేడియేషన్ ఏమీ మిగలదు, పాపను హాయిగా ఎత్తుకోవచ్చు.

కాకపోతే ఒక మాట ముందే చెప్పాలి. కన్ను నిలుస్తుంది గానీ చూపు నిలుస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. రేడియేషన్ వల్ల రెటీనా (కంటి వెనక తెర) రక్తనాళాలు నెమ్మదిగా, ఒక్కోసారి ఏడాది రెండేళ్ల తర్వాత దెబ్బతింటాయి, శుక్లమూ రావచ్చు. శుక్లానికి ఆపరేషన్ ఉంది, రెటీనా వాపుకు కంట్లో ఇంజెక్షన్లున్నాయి, అయినా అందరికీ చూపు దక్కదు. అందుకే గడ్డ మాక్యులాకి (రెటీనా మధ్యలో స్పష్టమైన చూపునిచ్చే చోటు), కంటి నరానికి ఎంత దూరంలో ఉందో డాక్టరు గారిని అడగండి. దగ్గరగా ఉంటే చూపు మీద ఆశ తగ్గించుకోవాలి. ఆ మాట నాన్నగారికి ఆపరేషన్‌కు ముందే చెప్పండి, మీ పెదనాన్నగారిని కూడా వెంట తీసుకెళ్లి డాక్టరు గారితోనే మాట్లాడించండి.