అమ్మ కువైట్‌లో ఉంటే ఇంట్లోవాళ్ల ఆరోగ్యం ఎలా ఉంటుంది?

గల్ఫ్ డబ్బొస్తోంది కదా, ఇంట్లోవాళ్ల ఆరోగ్యాలు బాగుపడాలిగా అని అడిగారు. సగమే నిజం. మా కోనసీమలో రాజోలు, మలికిపురం వైపు నుంచి కువైట్, మస్కట్‌లకు ఇంటిపనికి ఆడవాళ్లే ఎక్కువ వెళ్తారు, కాబట్టి పిల్లలు అమ్మమ్మ చేతిలో పడతారు, ఆవిడకేమో అప్పటికే షుగరూ మోకాళ్ల నొప్పులూ. మందులకు డబ్బుంటుంది, అమలాపురం ఆసుపత్రికి తీసుకెళ్లే మనిషే ఉండడు. మా పక్కింటి మామ్మగారు బీపీ బిళ్ల రోజు విడిచి రోజు వేసుకునేవారు, కూతురు వీడియో కాల్ చేస్తే మాత్రం "బానే ఉన్నానమ్మా" అనేవారు. మనవడు అన్నం మానేసి చిప్స్ ప్యాకెట్లతో సరిపెట్టేవాడు. పంపిన డబ్బు మొదట్లో ఏజెంటు అప్పు వడ్డీకే పోతే తిండి ఇంకా తగ్గుతుంది. ఇంటాయన తాగుడు సంగతి వేరే చెప్పాలా! బీపీ, షుగర్ బిళ్లలు పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో) ఉచితమే, గల్ఫ్‌కి వెళ్లేముందు ఆశా కార్యకర్తకు ఇంటి పరిస్థితి చెప్పి ఆవిడ నంబరు తీసుకోండి.