దేనికంటే వేగం?

అమ్మా,

క్వాంటం కంప్యూటర్ల మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి కోపంతో, రెండోసారి మీ నాన్నగారి కోసం.

ముందు కోపం సంగతి. నాలుగో పేజీలో ఇలా రాశావు: "సూపర్ కంప్యూటర్‌కు 10 వేల ఏళ్లు పట్టే లెక్కను క్వాంటం కంప్యూటర్ 200 సెకన్లలో తేల్చేసింది!" ఆశ్చర్యార్థకం కూడా నీదే. ఆ వెంటనే పేరా మార్చి వేరే సంగతిలోకి వెళ్లిపోయావు. ఏ లెక్క? దేనికంటే వేగం? ఆ 10 వేల ఏళ్లు ఎవరు కట్టిన అంచనా? చదివేవాడు అడగడనుకున్నావా?

2019 అక్టోబరులో గూగుల్ ప్రకటించిన సంగతి అది. సికమోర్ అనే చిప్‌లోని 54 క్యూబిట్లలో (మామూలు కంప్యూటర్‌లో బిట్ చేసే పనిని క్వాంటం కంప్యూటర్‌లో చేసేది క్యూబిట్) ఒకటి మొరాయిస్తే మిగిలిన 53తోనే నడిపారు. యాదృచ్ఛికంగా అల్లిన ఒక సర్క్యూట్ నుంచి సున్నాలు, ఒకట్ల వరసలు బయటికి తీయడం, అంతే పని. ఆ వరసలతో ఎవరికీ పూట గడవదు. మామూలు కంప్యూటర్‌కు కష్టంగా, క్వాంటం యంత్రానికి వీలుగా ఉండాలని ఏరికోరి ఎంచుకున్న పని. అమెరికాలోని ఓక్‌రిడ్జ్ ప్రయోగశాలలో ఉన్న సమ్మిట్ అనే సూపర్ కంప్యూటర్‌కు దీనికి 10 వేల ఏళ్లు పడుతుందని చెప్పింది కూడా గూగులే. పందెం కట్టినవాడే ఎదుటివాడి సత్తాకు కూడా వెల కట్టాడన్నమాట. ఆ సమ్మిట్‌ను తయారుచేసిన ఐబీఎం ఊరుకుంటుందా? దాని డిస్కులన్నీ వాడుకుంటే రెండున్నర రోజుల్లో అయిపోతుందని, గూగుల్ పరిశోధన పత్రం అచ్చవడానికి రెండు రోజుల ముందే ప్రకటించింది. (ఐబీఎం కూడా క్వాంటం యంత్రాలు చేసేదే. దాయాదుల గొడవ అనుకో.) 2022లో చైనా శాస్త్రవేత్తలు ముగ్గురు 512 గ్రాఫిక్స్ చిప్‌లు పెట్టి ఆ పనిని 15 గంటల్లో ముగించామని చూపించారు. 10 వేల ఏళ్లు మూడేళ్లలో 15 గంటలకు దిగివచ్చిన ఈ కథ నీ చేతిలో ఉండగా, దాన్ని వదిలేసి ఆశ్చర్యార్థకం పెట్టుకున్నావు.

ఇంత కటువుగా ఎందుకు రాస్తున్నానంటే, నేనూ ఆ గుర్తు పెట్టినవాణ్నే. 1989 మార్చిలో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయం నుంచి ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు పత్రికలవాళ్లను పిలిచి, గాజు పాత్రలో భారజలం పోసి, పల్లాడియం కడ్డీ ముంచి, సూర్యుడిలో జరిగే కేంద్రక సంలీనాన్ని గది ఉష్ణోగ్రత వద్దే సాధించామన్నారు. నేను ఒక్క రాత్రిలో వ్యాసం రాసేశాను. "ఇక కరెంటు కోతలు చరిత్రే!" అన్నది నా ముగింపు వాక్యం. అచ్చయిన పది రోజులకు ఒక రిటైరైన సైన్సు మాస్టారి నుంచి కార్డు వచ్చింది. ముత్యాల్లాంటి అక్షరాలు, నీలం సిరా. మూడే మూడు ముక్కలు: "బాబూ, వేడి ఎక్కువ వచ్చిందన్నావు. దేనికంటే ఎక్కువ? మామూలు నీళ్లు పోసి చూశారా?" కొద్ది వారాలకే అమెరికాలోని కాల్టెక్, ఎంఐటీ విశ్వవిద్యాలయాల వాళ్లు అదే ప్రయోగం చేసి తమకు ఏమీ రావడం లేదన్నారు. మామూలు నీళ్లతో పోల్చి చూడలేదన్న అభ్యంతరం పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు కూడా లేవనెత్తారు. మాస్టారు ఆ కార్డు రాసిన నాటికి అవేవీ మన పేపర్లలో రాలేదు. ఆ కార్డు ఇప్పటికీ నా బల్ల అద్దం కింద ఉంది. సిరా వెలిసిపోయింది కానీ "దేనికంటే" అన్న మాట మాత్రం కనిపిస్తుంది.

అందుకే చెబుతున్నాను. ఈ రంగంలో ప్రతి విజయ వార్తకూ ఒక ఓడినవాడు ఉంటాడు. క్వాంటం సంగతిలో ఆ ఓడినవాడు మామూలు కంప్యూటర్. వాడి గురించి కూడా రాయి. వాడు చేతులు ముడుచుకుని కూర్చునే రకం కాదు. 2018లో ఏమైందో చూడు. మనకు నచ్చే సినిమాలు, వస్తువులు ఊహించి చెప్పే లెక్కలో క్వాంటం యంత్రానిదే పైచేయి అని అప్పటికి రెండేళ్లుగా అందరూ నమ్ముతున్నారు. టెక్సాస్‌లో స్కాట్ ఆరన్సన్ అనే ప్రొఫెసర్, మామూలు కంప్యూటర్‌కు ఇది వేగంగా సాధ్యం కాదని నిరూపించమని ఒక డిగ్రీ విద్యార్థికి అప్పగించారు. ఆ విద్యార్థి ఈవిన్ టాంగ్, వయసు 18. నిరూపణ కోసం తవ్వుతూ తవ్వుతూ, మామూలు కంప్యూటర్‌కే సరిపోయే వేగమైన పద్ధతి కనిపెట్టేశారు! (ఈ ఒక్క ఆశ్చర్యార్థకం నాది. క్షమించు.) 2023 జూన్‌లో ఐబీఎం 127 క్యూబిట్ల ఈగిల్ చిప్‌తో అయస్కాంతాల నమూనా ఒకదాన్ని లెక్కగట్టి, ఇక ఉపయోగకరమైన దశకు వచ్చామంది. కొద్ది వారాల్లోనే ఆ లెక్కను లాప్‌టాప్ మీద చేసి చూపించినవాళ్లు వచ్చారు. దీన్ని క్వాంటం ఓటమి అని రాయకు, అదీ తప్పే. ఆ పోటీ లేకపోతే మామూలు పద్ధతులు ఇంత పదును తేలేవే కావు.

ఇంకొక చోట కూడా ఎర్రగీత గీశాను. "అన్ని సమాధానాలనూ ఒకేసారి ప్రయత్నించి సరైనదాన్ని పట్టుకుంటుంది" అన్నావు. అలా అయితే ఇంత మంది తలలు పట్టుకోవడం ఎందుకు? కొలిచిన క్షణాన నీకు దక్కేది ఒక్క సమాధానమే, అదీ లాటరీలా. అసలు విద్య అంతా తప్పుడు సమాధానాల తరంగాలు ఒకదాన్నొకటి కొట్టేసుకునేలా, సరైనవి కలిసి పెరిగేలా లెక్కను అల్లడంలో ఉంది. ఆ అల్లిక కుదిరే సమస్యలు కొన్నే. 1994లో పీటర్ షోర్ పెద్ద సంఖ్యల కారణాంకాలకు కుదిర్చాడు. 1996లో మన ఢిల్లీ ఐఐటీలో చదివిన లవ్ గ్రోవర్ వెతుకులాటకు కుదిర్చాడు. గ్రోవర్‌ది పది లక్షల అడుగుల వెతుకులాటను సుమారు వెయ్యి అడుగులకు దించుతుంది. వినడానికి బాగుంది. కానీ దోషాలు సరిదిద్దుకుంటూ నడిచే క్వాంటం యంత్రంలో ఒక్కొక్క అడుగూ ఎంత నెమ్మదంటే, ఆ లాభం చాలా చోట్ల దారిఖర్చులకే సరిపోతుంది.

నువ్వు అలా రాయడానికి కారణం పత్రికలేనని నాకు తెలుసు. 2024 డిసెంబరులో గూగుల్ విల్లో చిప్ వచ్చినప్పుడు శీర్షికలన్నీ ఒకటి పక్కన 25 సున్నాలు పెట్టి, అన్ని ఏళ్ల పని 5 నిమిషాల్లో అయిందన్నాయి. నిజంగా పండగ చేసుకోవలసిన సంగతి కింద ఎక్కడో పడి ఉంది. క్యూబిట్ల గడిని 3×3 నుంచి 5×5కు, అక్కడి నుంచి 7×7కు పెంచిన ప్రతిసారీ దోషాలు సుమారు సగానికి తగ్గాయి. గడి పెరిగితే దోషాలూ పెరగడమే అంతవరకూ ఉన్న బాధ. అది తిరగబడడం కోసం దాదాపు ముప్పై ఏళ్లు ఎదురుచూశారమ్మా. సంపాదకులకు సున్నాలే కావాలి. ఒకప్పుడు నేనొక వారపత్రికకు రాసిన వ్యాసంలో "అయితే" అని మొదలయ్యే చివరి పేరాను తీసేసి, ఆ చోట బనియన్ల ప్రకటన వేశారు. అడిగితే, "మీ అయితేలు పాఠకులకు నచ్చవండీ" అన్నాడు ఆ పెద్దమనిషి. ఆయన పోయి చాలా ఏళ్లయింది. నా కోపం పోలేదు.

ఇక మీ నాన్నగారు. పదో పేజీలో, యూరియా కోసం సొసైటీ గోదాము ముందు తెల్లవారకముందే చెప్పులు వరసలో పెట్టి, గట్టు మీద కూర్చుని, వేరుశనగ మొక్క ఒకటి పీకి నీకు వేళ్లు చూపించారని రాశావు. "దీనికి యూరియా బస్తా అక్కర్లేదమ్మా, వేళ్లలోనే వండుకుంటుంది" అన్నారట. అక్కడ నేను కళ్లజోడు తీసి తుడుచుకున్నాను. ఇంత మంచి పేరాను వెనక దాచి, మొదటి పేజీలో "21వ శతాబ్దపు మహాద్భుతం" పెట్టావే. వ్యాసం ఆ చెప్పుల వరస దగ్గర మొదలవ్వాలి.

ఎరువుల ఫ్యాక్టరీ 400 డిగ్రీలు దాటిన వేడితో, వాతావరణ పీడనానికి వందల రెట్లు ఒత్తిడితో చేసే అమ్మోనియాను ఆ వేరుశనగ వేళ్లకుండే బుడిపెల్లోని సూక్ష్మజీవులు మామూలు మట్టి వేడిలో చేస్తున్నాయి. ఇనుము, గంధకం, మాలిబ్డినం కలిసిన ఒక చిన్న అణుగుచ్ఛం అక్కడి పొయ్యి. దాని ఎలక్ట్రాన్ల తీరును కచ్చితంగా లెక్కగట్టడం క్వాంటం కంప్యూటర్‌కు తగిన పని అని చాలా కాలంగా అంటున్నారు. 2021లో వేసిన ఒక అంచనా ప్రకారం అందుకు సుమారు 40 లక్షల క్యూబిట్లు, నాలుగు రోజుల లోపు సమయం కావాలి. నువ్వు చివరలో అమరావతి క్వాంటం వ్యాలీ రాగానే రైతుల కష్టాలు తీరుతాయని రాసేశావు. అక్కడికని 2025 మేలో ప్రకటించిన ఐబీఎం ప్రాసెసర్‌లో ఉండేవి 156 క్యూబిట్లు. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టు. ఆపైన, అణువు లెక్క తేలినంత మాత్రాన ఎరువు బస్తా తయారవదని కూడా ఒక్క వాక్యం రాయి. "అయితే" అని మొదలుపెట్టినా పర్వాలేదు.

క్యూబిట్‌కు తెలుగు మాట ఏది, ఏ పత్రిక ఎంత ఇస్తుంది అని అడిగావు. వాటి సంగతి మరెప్పుడైనా.

తిరగరాసే ముందు ఒక పని చెయ్యి. మీ నాన్నగారితో మళ్లీ చేనుకు వెళ్లి, ఒక బుడిపెను గోటితో గిల్లి చూడు. పనిచేస్తున్న బుడిపె లోపల గులాబీ రంగులో, ఎర్రగా ఉంటుంది. పక్క చాలులో మొక్క కూడా పీకి చూడు. నువ్వు చూసిన రంగేదో అదే రాసి పంపు.

ఆశీస్సులతో