పొల్యూషన్ టెస్ట్‌లో ఫెయిలైన మారుతీ గురించి మేనల్లుడికి

అల్లుడూ,

నువ్వు పంపిన టెస్ట్ చీటీ ఫోటో చూశాను. కార్బన్ మోనాక్సైడ్ 2.3 శాతం, హైడ్రోకార్బన్లు, అంటే సరిగా మండని పెట్రోలు, 410 పీపీఎం (పది లక్షల పాళ్లలో 410). ఫెయిలైందని దిగులు పడకు. నాకది రక్తపరీక్ష రిపోర్టులా కనిపించింది. జబ్బేంటో సగం అందులోనే ఉంది.

మీ నాన్న 2006లో కొన్న మారుతీ 800 అది. బీఎస్-2, ఆ తర్వాత బీఎస్-3 అనే కాలుష్య ప్రమాణాలతో వచ్చిన పెట్రోల్ కారుకి ఐడిలింగ్‌లో, అంటే బండి కదలకుండా ఇంజిన్ ఆడుతున్నప్పుడు, కార్బన్ మోనాక్సైడ్ 0.5 శాతం, హైడ్రోకార్బన్లు 750 దాటకూడదు. అంతకంటే పాత కార్లకి 3 శాతం, 1500 దాకా ఒప్పుకుంటారు. మీ పక్కింటాయన పాత పద్మిని పాసై, మన బండి ఫెయిలవడానికి కారణం అదే.

నీ చీటీలో రెండో అంకె హద్దులోనే ఉంది. అంటే బండి మిస్సింగ్ కొట్టడం లేదు, ప్లగ్గులు సరిగ్గానే మండిస్తున్నాయి. అది వేలల్లో ఉంటే ప్లగ్గులు, వైర్లు, వాల్వులు చూడమనేవాణ్ణి. మొదటి అంకె ఒక్కటే పెరిగిందంటే ఇంజిన్‌కి కావాల్సిన దానికంటే పెట్రోలు ఎక్కువ పడుతోంది. ఇంజిన్ చల్లారాక ఒక ప్లగ్గు విప్పి చూడు. దాని మూతి లేత బిస్కెట్ రంగులో ఉండాలి. పొడి మసి పట్టి, వేలితో తుడిస్తే కాటుకలా అంటుకుందంటే నేను చెప్పింది నిజమే.

ముందు ఎయిర్ ఫిల్టర్ తీసి ఎండకు ఎత్తి పట్టుకో. వెలుతురు కనబడకపోతే కొత్తది వెయ్యి. దానికి పెద్ద ఖర్చు లేదు. కానీ నా అనుమానం వేరే చోట ఉంది. బండి అరగంట నడిచినా టెంపరేచర్ ముల్లు కింది నుంచి లేవడం లేదని పోయినసారి వచ్చినప్పుడు అన్నావు. నేను ఆ రోజే పట్టించుకోవాల్సింది.

ఆటోనగర్‌లో షెడ్డు నడిపే రోజుల్లో ఒకాయన కారు మూడుసార్లు ఇదే టెస్టులో ఫెయిలైంది. ప్లగ్గులు మార్చాను. ఇంజెక్టర్లు క్లీన్ చేయించాను. పొగలో ఆక్సిజన్ ఎంతుందో చూసే ఆక్సిజన్ సెన్సర్ కూడా కొత్తది వేయించాను. ఆయనకి డబ్బు వదిలింది గానీ రీడింగ్ తగ్గలేదు. చివరికి ఒక సాయంత్రం రేడియేటర్ పైపు పట్టుకుని చూస్తే, స్టార్ట్ చేసిన నిమిషం నుంచే గోరువెచ్చగా ఉంది. ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లని రేడియేటర్‌లోకి పోనివ్వకుండా ఆపే వాల్వునే థర్మోస్టాట్ అంటారు. దాని హౌసింగ్ విప్పితే లోపల థర్మోస్టాటే లేదు! బెజవాడ ఎండలకి ఇంజిన్ వేడెక్కుతుందని ఎవరో మెకానిక్ తీసేశాడు. అది లేకపోతే నీళ్లు మొదటి నుంచీ రేడియేటర్‌లోకి తిరుగుతూనే ఉంటాయి, ఇంజిన్ సరైన వేడికి రాదు. లోపలున్న కంప్యూటర్‌కి మాత్రం ఇంకా చల్లగా ఉన్నట్టే తెలుస్తుంది కాబట్టి పెట్రోలు ఎక్కువ పోస్తూనే ఉంటుంది. థర్మోస్టాట్ వేశాక రీడింగ్ మామూలైంది. ఆయన చేత అనవసరంగా పెట్టించిన ఖర్చుకి ఇప్పటికీ బాధపడతాను. అందుకే నీకు చెబుతున్నా, ముందు ఆ హౌసింగ్ విప్పించు. థర్మోస్టాట్ ఉండి, బాగానే పనిచేస్తుంటే పక్కనే ఉన్న టెంపరేచర్ సెన్సర్, ఆ తర్వాత ఆక్సిజన్ సెన్సర్ చూడమను. వరస తప్పొద్దు, ఒకేసారి అన్నీ మార్పించొద్దు.

ఇవన్నీ బాగుండి కూడా అంకె దిగకపోతే అప్పుడు క్యాటలిటిక్ కన్వర్టర్ సంగతి. చల్లగా ఉన్నప్పుడు చేత్తో తట్టి చూడు. లోపల గులకరాళ్లు కదిలినట్టు చప్పుడొస్తే తేనెపట్టు లాంటి పింగాణీ దిమ్మ విరిగిపోయినట్టు. దాన్ని పీకేసి ఖాళీ పైపు వెల్డింగ్ చేస్తామంటే ఒప్పుకోకు. కార్బన్ మోనాక్సైడ్‌ని మామూలు బొగ్గుపులుసు వాయువుగా మార్చేది అదే. ఇంజిన్ నుంచి సైలెన్సర్ దాకా వచ్చే పొగ పైపుకి చిల్లులుంటే కూడా పూడ్పించు. ఆక్సిజన్ సెన్సర్‌కి ముందు గాలి చొరబడితే దాని లెక్క తప్పుతుంది.

ఇంజిన్ ఆయిల్ మార్చి ఎన్నాళ్లయింది? రిచ్‌గా, అంటే పెట్రోలు ఎక్కువ పడుతూ నడిచిన బండిలో పెట్రోలు ఆయిల్‌లోకి దిగుతుంది. ఆ ఆవిరి మళ్లీ ఇంజిన్‌లోకే వెళ్లి మండుతుంది. రిపేరయ్యాక ఆయిల్, ఫిల్టర్ మార్చాకే టెస్టుకి వెళ్లు. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ ఉంటోంది కాబట్టి ఆ కాలపు రబ్బరు ఫ్యూయల్ పైపులు కూడా పగుళ్లు ఉన్నాయేమో చూసుకో. పెట్రోలు వాసన ఏమాత్రం వచ్చినా ఊరుకోవద్దు.

టెస్ట్ రోజు ఇంట్లో స్టార్ట్ చేసి నేరుగా సెంటర్‌కి వెళ్లొద్దు. హైవే మీద ఓ పదిహేను, ఇరవై కిలోమీటర్లు తిప్పి వెళ్లు. కన్వర్టర్ దాదాపు 300 డిగ్రీల వేడెక్కితే గానీ సరిగా పని చెయ్యదు. వరసలో బళ్లు ఉంటే ఇంజిన్ ఆపకు. ఏసీ, లైట్లు ఆపెయ్యి. పొగని పీల్చి కొలిచే గొట్టం (ప్రోబ్) సైలెన్సర్‌లోకి అడుగు లోతు వెళ్లిందో లేదో దగ్గరుండి చూడు.

ఇంకో మాట రాశావు, వంద రెండొందలు ఎక్కువిస్తే బండి తేకుండానే సర్టిఫికెట్ ఇస్తామన్నారని. వద్దు అల్లుడూ. ఒకసారి వానకి షెడ్డు తలుపులు వేసి ఇంజిన్ ట్యూన్ చేస్తుంటే నా దగ్గర పనిచేసే పిల్లాడు గోడకి జారిగిలబడిపోయాడు. పొగ లేదు, వాసన లేదు. బయటికి ఎత్తుకొచ్చి పడుకోబెట్టాక పావుగంటకి గానీ మాట్లాడలేదు. ఆ పావుగంట నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ గ్యాసే నీ చీటీలో 2.3 అని ఉంది. సందులో బండి స్టార్ట్‌లో పెట్టి పిల్లల్ని స్కూలుకి ఎక్కిస్తుంటావు కదా, అది గుర్తు పెట్టుకో.

ఆర్సీ రెన్యువల్ సంగతి కూడా చూసుకో. పదిహేనేళ్లు నిండాక చేయించింది ఐదేళ్లకే వస్తుంది. గడువుకి అరవై రోజుల ముందు నుంచే దరఖాస్తు తీసుకుంటారు, ఆఖరి వారం దాకా ఆగొద్దు. ఫిట్‌నెస్‌కి వెళ్లేనాటికి పొల్యూషన్ చేయించి ఉంచు. మన బండికి అది ఆరు నెలలకోసారి.

థర్మోస్టాట్ విప్పిన రోజు ఫోన్ చెయ్యి, ఆ ముల్లు ఎక్కడ నిలిచిందో చెప్పు. అక్కయ్యని అడిగానని చెప్పు.

మీ మామయ్య